అర అంగుళం

ఆక్రన్‌లో మంచు మార్చి దాకా పోదు.
బయటి చలి చాలదన్నట్టు
లోపల ఇంకో చలిని మేమే తయారుచేసుకుంటాం,
మ్యూజియం నేలమాళిగలో, ఆరో నంబరు గదిలో,
రబ్బరు ముసలిదైపోకుండా.

రబ్బరుకి చావు మెల్లగా వస్తుంది.
ముందు కొంచెం జిగురు, చెమట పట్టినట్టు.
తర్వాత గోధుమరంగు. తర్వాత బిరుసు.
ఒకరోజు మోచెయ్యి వంచబోతే
అప్పడంలా విరుగుతుంది.
అందుకే ఎవరూ వంచరు.
వెండిరంగు సూటు సొరుగులో వెల్లకిలా పడుకుని ఉంది,
అరవై ఏళ్లుగా.
తలకి వేరే పెట్టె.
లోపల మనిషికి బదులు నేను కూరిన దూది.

చీటీ మీద అతని పేరుంది.
ఆ పేరుతో ఊళ్లో ఒక బడి, ఒక వంతెన,
పార్కింగుకి చోటు దొరకని ఒక వీధి.
కుట్టినవాళ్ల పేరుకి చీటీలో గడి లేదు.

ఎక్స్‌రేలో కనిపించింది మొదట.
ఎడమ నడుము దగ్గర రెండు కుట్ల వరసలు.
ఒకటి నమూనా కాగితంలో ఉన్నదే,
మిషను కుట్టు, బుద్ధిగా నడిచింది.
రెండోది ఏ కాగితంలోనూ లేదు.
చేతికుట్టు. చీమలబారు.
వెలుతురు చాలనప్పుడు,
తలుపు వైపు ఓ చెవి పెట్టి కుట్టినట్టు.

ఒపల్ స్ట్రిక్లర్‌ని పిలిపించాం.
తొంభై ఒకటి. చేతికర్ర.
వినికిడి మిషను ఒక్క చెవికే.
"రెండోది నా సొంతానికి ఉంచుకున్నా" అంది.
వానబూట్లూ వేడినీళ్ల సంచులూ అంటించిన చెయ్యి.
ఒక వేసవిలో మేనేజరు వచ్చి
"ఆకాశానికి చొక్కా కుట్టాలి, ఎవరికొచ్చు?" అంటే
సగమే లేచిన చెయ్యి.

హెల్మెట్ పెట్టె వంక చూడలేదు.
తిన్నగా నడుముకొచ్చింది.
కుట్టుకి వెంట్రుకవాసి ఎత్తులో
వేలు నడిపించింది, ఆనించకుండా.
నవ్వింది. నవ్వు దగ్గైంది.
దగ్గు తగ్గాక,
"వాల్‌నట్ కేకు" అంది.

"వాళ్లత్తగారి చేతిది.
వారం రోజులు అల్లుడి మర్యాదలు.
గురువారం పొద్దుపోయాక మా గదికొచ్చాడు,
టోపీ చేతుల్లో నలుపుతూ,
జిప్పు పడట్లేదని.
డాక్టర్లకి తెలిస్తే ఇంకొకణ్ణి పంపుతారట.
నిప్పుల డబ్బా మీద కూచోడానికి బెదరనివాడు
తక్కెడ ఎక్కడానికి బెదిరాడు.
ఆ రాత్రి విప్పి, అర అంగుళం వదిలి, మళ్లీ కుట్టా.
వాడు పైనున్నంతసేపూ
నేను వంటింటి రేడియో ముందు నిలబడే ఉన్నా.
వాడికీ ఏమీలేనితనానికీ మధ్య
నా దారమొక్కటే కదా."

ఎవరికైనా చెప్పారా అన్నాను.
"మా ఆయనకే చెప్పలేదు.
కుట్టుపనిలో మొదట నేర్పేది ముడి వెయ్యడం."
ఆ తర్వాత గదంతా చూసి,
"ఇంత చలిలో ఎందుకు పెట్టారు వీణ్ణి?"
పాడవకుండా, అన్నాను.
"అయితే నాకూ ఒక సొరుగు చూడు."

రిపోర్టులో ఒక గడి ఉంటుంది:
మార్పులు, మరమ్మతులు.
పెన్ను చాలాసేపు దాని మీదే నిలబడింది.
ఎడమ నడుము, చేతికుట్టు, ఆ కాలానిదే,
పట్టు చెడలేదు, అని రాశాను.
అబద్ధం లేదు అందులో.
కుట్టు ఊడలేదు. గుట్టూ ఊడలేదు.

ఒపల్ కిందటి వసంతంలో పోయింది.
అందుకని ఇక్కడ విప్పుతున్నాను.

ఆ రోజు నా కారులోనే ఇంటికి దింపాను.
దారిలో బేకరీ దగ్గర ఆపమంది.
వాల్‌నట్‌ది అయిపోయిందట.
గుమ్మడికాయది రెండు ముక్కలు తెచ్చుకుని
ఒకటి నాకివ్వబోయి, ఆగి,
రెండూ తినేసింది,
సీటుబెల్టు కాస్త వదులు చేసుకుని.